కొట్టంలో ఆగిన బండి: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?



మట్టిదారుల్లో ఏళ్ల తరబడి తిరిగిన మోటారు సైకిలు ఒకటి పశువుల కొట్టంలో ఆగిపోయింది. ఇంజను పట్టేసింది. మేస్త్రీ వచ్చి చూసి ఒక లెక్క చెప్పాడు. ఆ లెక్క విన్న కొడుకు, ‘దీనికింత పెట్టే బదులు కొత్తది కొందాం నాయనా’ అన్నాడు. తండ్రికి మనసొప్పలేదు. కర్నూలు, కడప పల్లెల్లో ఈ మాట రాని ఊరు ఉండదు. ఈ రోజు ఆ విషయమే మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన సీమలో తిరిగిన బండికి ఇనుము త్వరగా చెడదు, ఇంజను త్వరగా అరుగుతుంది. అరిగిన ఇంజనును లేతు మిషను మీద బాగుచేసుకోవచ్చు. తుప్పు తినేసిన ఛాసిస్‌ను నమ్మకంగా బాగుచేసే మేస్త్రీ ఎక్కడా లేడు. అందుకే ఛాసిస్ గట్టిగా ఉండి, కాగితాలు సరిగా ఉంటే, మన ప్రాంతంలో బాగుచేయించడం వైపే నేను మొగ్గుతాను. ఇంటి జరుగుబాటంతా ఆ ఒక్క బండి మీదే నడిచేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మట్టిదారి కోసమే తయారైన బండి మన దేశంలో చాలాకాలం సామాన్యుడికి దొరకలేదు. హీరో కంపెనీ 2011లో ఇంపల్స్ అని ఒక 150 సీసీ బండి తెచ్చింది, అది ఎక్కువ కాలం నిలవలేదు. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 నిలబడింది. అంతకు ముందు మనకు డర్ట్ బైకు అంటే రోడ్డు బండే. ఎస్కార్ట్స్ కంపెనీ పోలండు నమూనా మీద తయారుచేసిన రాజ్‌దూత్ 175 పాల క్యాన్లు మోసింది. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి మొదట జావా, 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చిన బండ్లు గుట్టలెక్కాయి. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 గురించి చెప్పనక్కర్లేదు, ఇప్పటికీ దాని చప్పుడు వినిపిస్తే మనవాళ్లు తల తిప్పి చూస్తారు. ఈ పాతవన్నీ టూ స్ట్రోక్ బండ్లు. డొంకల్లో, వంకల్లో, నాపరాళ్ల గనుల దారుల్లో, తొలకరికి వజ్రాల కోసం జొన్నగిరి, తుగ్గలి చేలకు పోయే బాటల్లో ఇవే తిరిగాయి.

ఇప్పుడు నేల సంగతి. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. సముద్రపు ఉప్పుగాలి లేదు. కోస్తాలో పదేళ్లకు చిల్లులు పడే సైలెన్సరు మన దగ్గర అంతకన్నా చాలాకాలం ఉంటుంది. ముప్పయ్యేళ్ల నాటి రాజ్‌దూత్ రంగు గీకి చూస్తే లోపల ఇనుము మెరుస్తూ కనిపించడం ఇక్కడ వింత కాదు.

దుమ్ము మాత్రం మనల్ని వదలదు. పత్తికొండ, డోన్ వైపు ఎర్రనేల దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. ఆ ఇసుక రేణువు సిలిండరు పోత ఇనుము కన్నా గట్టిది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీల నుంచి లేచే నాపరాతి పొడి మెత్తనిదే కానీ, ఎయిర్ ఫిల్టరును నిండా మూసేస్తుంది. ఊపిరాడని ఇంజను లాగదు, పెట్రోలు తాగుతుంది. విసిగిపోయిన కుర్రవాడు ఫిల్టరే తీసి పక్కన పారేస్తాడు. ఇంజను చావు అక్కడ మొదలవుతుంది.

టూ స్ట్రోక్ ఇంజనులో ఇంకో సంగతి ఉంది. లోపలికి వచ్చిన గాలి నేరుగా పిస్టను పైకి పోదు. ముందు కింద క్రాంకు గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి పైకి ఎక్కుతుంది. అంటే గాలితో పాటు వచ్చిన ఇసుక మొదట క్రాంకు బేరింగుల్నీ, కనెక్టింగ్ రాడ్ అడుగు బేరింగునూ నూరి, ఆ తర్వాత సిలిండరు గోడల్ని గీకుతుంది. ఇంజను ఆయిలుతో కలిసిన ఈ దుమ్ము రోట్లో వేసి నూరినట్టు నూరుతుంది. అందుకే మన దగ్గర ‘పిస్టను, రింగులు మార్చాం, ఆరు నెలలకే మళ్లీ పోయింది’ అనే ఫిర్యాదు అంతగా వింటాం. పైభాగం కొత్తది వేశారు, కింద క్రాంకు అలాగే ఊగుతూ ఉంది. అలా సగం పని చేయించడం కన్నా అసలు చేయించకపోవడం మేలు.

మేస్త్రీ చెప్పిన లెక్క సరైనదో కాదో తెలుసుకోవడానికి మీరే కొన్ని చూడొచ్చు. హెడ్డు, సిలిండరు విప్పించి, కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కాస్త కదలడం సహజం. నిలువుగా ఏమాత్రం టక్కుమన్నా అడుగు బేరింగు పోయినట్టే. అప్పుడు క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కొత్త రాడ్, కొత్త పిన్ను వేసి, మళ్లీ బిగించి, డయల్ గేజితో సూటిగా తిరుగుతోందో లేదో చూడాలి. ఆ పని చేతనైన లేతు షాపు ఎక్కడుందో ముందు విచారించుకోండి. సుత్తితో కొట్టి సరిచేస్తాననే చోట ఇవ్వకండి. సిలిండరుదైతే అంత భయం లేదు. పావు మిల్లీమీటరు చొప్పున పెద్ద సైజు పిస్టన్లు దొరుకుతాయి. ఒక మిల్లీమీటరు దాకా బోరింగు చేయించుకుంటూ పోవచ్చు, అదీ దాటితే కొత్త స్లీవు వేయించవచ్చు. ఆయిల్ సీళ్లు మాత్రం ఇంజను విప్పిన ప్రతిసారీ కొత్తవే వేయించండి. మే నెలలో 44 డిగ్రీలు దాటే మన ఎండకు ఆ రబ్బరు ఎండి పగులుతుంది. అక్కడి నుంచి గాలి దూరితే పెట్రోలు పాలు తగ్గి ఇంజను కాగిపోతుంది, పిస్టను పట్టేస్తుంది. నిలబెట్టిన బండి యాక్సిలరేటరు తిప్పకుండానే గోల పెడుతోందంటే ముందు ఆ సీళ్లనే అనుమానించాలి.

ఇంజను కన్నా ఎక్కువ శ్రద్ధగా చూడాల్సింది ఛాసిస్. హ్యాండిలు కింద మెడ భాగం, వెనక ఫోర్కు ఇరుసు దగ్గర, ఫుట్‌రెస్టులు బిగించే చోట, క్యారియరు అతుకుల దగ్గర చూడండి. పాల క్యాన్లు, గ్యాసు సిలిండర్లు, శెనక్కాయ మూటలు ఏళ్ల తరబడి మోసిన బండికి పగులు అక్కడే వస్తుంది. రంగు మీద రంగు వేసి ఉంటే ఆ చోట గీకండి. కిరసనాయిలు పూసి కాసేపాగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులుంటే అందులో దాగిన నూనె పొడిలోకి ఎక్కి సన్నని గీత బయటపడుతుంది. చిన్న పగులును తెలిసిన వెల్డరు పూడ్చగలడు. మెడ దగ్గర పగిలితే మాత్రం ఆ బండి మీద ఇక పిల్లల్ని ఎక్కించకండి, మీరూ ఎక్కకండి.

మన నేల ఇనుమును కాపాడుతుందన్న మాటకు రెండు మినహాయింపులున్నాయి. ఒకటి మన కొట్టమే. పశువుల మూత్రం, పక్కనే పేర్చిన యూరియా బస్తాలు ఎక్కడైనా ఇనుమును తింటాయి. రిమ్ములు, చువ్వలు, సైలెన్సరు అడుగు, సైడు స్టాండు ముందు పోతాయి. రెండోది వరద. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగినప్పుడు ఎన్నో బండ్లు బురదనీళ్లలో ఉండిపోయాయి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు ఊళ్లలోనూ అదే జరిగింది. వరదనీరు క్రాంకు గదిలోకి దూరి నిలిచిన ఇంజనుకు బేరింగులన్నీ మార్చక తప్పదు. సెకండ్ హ్యాండులో పాత బండి కొనేవాళ్లు హెడ్‌లైటు డూమ్ విప్పి వెనక చూడండి. అక్కడ ఎండిన ఒండ్రు కనిపిస్తే, అమ్మేవాడు ఎంత తక్కువ చెప్పినా వదిలేయండి.

బాగుచేయించడం వేరు, ఎగ్జిబిషనులో పెట్టేలా తయారుచేయడం వేరు. నికెలు పూత, కంపెనీ నాటి స్టిక్కర్లు, అసలు మీటరు, అసలు సీటు కవరు కోసం మద్రాసు పుదుప్పేట, హైదరాబాదు జాంబాగ్ చుట్టూ తిరిగితే ఆ ఖర్చుకు అంతు ఉండదు. ఆ పని ప్రేమతో చేసేవాళ్లంటే నాకు గౌరవమే. కానీ చేనుకు పోవడానికి బండి కావాల్సిన రైతు ఆ ఖర్చులోకి జారకూడదు. ఇంజను, బ్రేకులు, చక్రాల బేరింగులు, చైను, వైరింగు, టైర్లు. డబ్బు వీటికే పెట్టండి. రంగుకు పెట్టే డబ్బుతో ముందు రెండు చక్రాలకూ కొత్త బ్రేకు షూలు వేయించండి.

ఈ మధ్య పెట్రోలు కూడా మారింది. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలై, 2025 నాటికి దేశమంతా అదే అయింది. పాత బండి దానికి తయారైంది కాదు. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది, కార్బొరేటర్ లోపలి రబ్బరు ముక్కల్ని పాడుచేస్తుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది కనుక, నెలల తరబడి కదలని బండిలో నీరు వేరుపడి ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తుంది. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. పాత పెట్రోలుకు తయారైన ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే తన నివేదికలో రాసింది. మైలేజీ కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత జెట్టు గుండా పోయే పెట్రోలు ఇంజనుకు చాలదు. మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. ఫోర్ స్ట్రోకు బండి కొంత ఓర్చుకుంటుంది. టూ స్ట్రోకు, అదీ మన మే నెల ఎండలో, ఓర్చుకోదు. ఇంజను బాగుచేయించేటప్పుడే పెట్రోలు పైపులు మార్పించండి, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, ప్లగ్గు తీసి రంగు చూడమనండి. లేత గోధుమ రంగు ఉంటే సరిపోయినట్టు, తెల్లబడితే ఇంకా పలచగా ఉన్నట్టు. వారానికి మించి ఆపేటప్పుడు పెట్రోలు కాక్ కట్టేసి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజను నడవనివ్వండి.

కాగితాల మాటకు వస్తే, చాలా ఇళ్లలో బండి ఆగేది ఇక్కడే. ఏపీ 21, ఏపీ 04 నంబర్లతో ఉన్న పాత బండ్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపించి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 300 రూపాయలకు బదులు 1,000 అయింది. ఇరవయ్యేళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు, ఆలస్యానికి అదనపు రుసుము వేరే. ఇంజను పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో మీ బండి మీద మొత్తం ఎంత బాకీ ఉందో అడిగి రాయించుకోండి. ఆర్‌సీ ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటే, ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. దీనికి చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలే. ఏళ్లు దాటిపోయినా ఆ పని చేయించుకోక తప్పదు. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలాలి. అది కలవని బండి ఎంత బాగా నడిచినా దాని మీద రూపాయి పెట్టకండి. యాభై ఏళ్లు దాటి, కంపెనీ నాటి రూపంలోనే ఉన్న బండి మీ ఇంట్లో ఉంటే 2021 జూలై నిబంధనల కింద వింటేజి నంబరు తీసుకోవచ్చు. మొదటిసారి రుసుము 20,000 రూపాయలు. అది రోజూ తిప్పుకోవడానికి ఇచ్చే అనుమతి కాదని గుర్తుంచుకోండి.

కుర్రవాళ్లకు ఒక మాట. పాత ఆర్ఎక్స్‌నో, యెజ్డీనో తెచ్చి, ఛాసిస్ వెనక భాగం కోసి, పైకెత్తిన మడ్‌గార్డు, గుబ్బల టైర్లు వేసి, సైలెన్సరు ఖాళీ చేసి డర్ట్ బైకు చేశామంటారు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. చట్టం ఒకవైపు. నాకు ఇంకా బాధ కలిగించేది ఆ బండ్లు పోయే చోటు. సిద్ధవటం దగ్గర లంకమల పొదల్లో, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది. రాత్రిపూట తిరిగే పక్షి అది. దానికి కావాల్సింది నిశ్శబ్దం, చదును చేయని పొదల నేల. నల్లమలలో, లంకమలలో అభయారణ్యం లోపలికి మన సరదా కోసం బండి తీసుకుపోవద్దు. గుట్టలూ బీళ్లూ బయట బోలెడు ఉన్నాయి.

కొత్త బండి గురించి న్యాయంగానే చెప్పాలి. ఎక్స్‌పల్స్ 200 లాంటి బండి అడుగుభాగం నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ముందు చక్రం 21 అంగుళాలు. రాళ్ల మీద, వంకలు దాటేటప్పుడు పాత బండి దీనికి సాటి రాదు. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో వానపడితే బురద మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదని తెలుసు కదా. పైకెత్తిన మడ్‌గార్డు ఆ బాధ తప్పిస్తుంది. డిస్కు బ్రేకు, ఏబీఎస్, మంచి వెలుగు ఉంటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కనుక అంతకు ముందటి లెక్కతో నిర్ణయించుకోకండి. బరువు మాత్రం దీనిదే ఎక్కువ. ఆర్ఎక్స్ 100 సుమారు వంద కిలోలైతే ఇది నూట యాభై దాటుతుంది. చేనిగట్టు మీద పడితే ఒంటరిగా లేపాలి. ఇంకొకటి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో చాలావాటికి కార్బొరేటర్ లేదు, సెన్సర్లున్నాయి. ఎక్కడో తుగ్గలి అవతల సెన్సరు పోతే ఊరి మేస్త్రీ చేసేదేమీ ఉండదు, ఆటోలో వేసి ఆదోనికో కర్నూలుకో తీసుకుపోవాలి.

ఇక నేను ముందు వేరే సలహా అన్నది వీళ్లకు. తెల్లవారుజామున పాలు పట్టుకుని పట్నానికి పోయేవాళ్లు, రోజూ ఇరవై కిలోమీటర్లు పోయి పనిచేసే టీచర్లు, నర్సులు, నెలలు నిండిన ఆడపిల్ల ఇంట్లో ఉన్నవాళ్లు, రాత్రిపూట ఎక్కువ తిరిగేవాళ్లు. వీళ్లు కొత్త బండి కొనాలి. మట్టిదారి మరీ అధ్వాన్నం కాకపోతే మామూలు వంద సీసీ బండి చాలు, డర్ట్ బైకు కూడా అక్కర్లేదు. పాత టూ స్ట్రోకు డ్రమ్ము బ్రేకును, మసక హెడ్‌లైటును నమ్ముకుని 40వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య రాత్రి ప్రయాణం చేయమని నేను ఎవరికీ చెప్పను. టూ స్ట్రోకు ఇంజను తాను తాగిన పెట్రోలులో పెద్ద భాగాన్ని కాలకుండానే పొగలో వదిలేస్తుంది. రోజూ పట్నం వీధుల్లో ఆ పొగ వదలడం పక్కవాళ్లకు అన్యాయం. అదే బండి ఇంటికీ చేనుకీ మధ్య, రెండో బండిగా, ఇంకో పదిహేనేళ్లు హాయిగా పనికొస్తుంది. తండ్రీ కొడుకుల మాటకు మాట పెరిగే చాలా ఇళ్లలో ఇద్దరూ నెగ్గే దారి ఇదేనని నాకనిపిస్తుంది. కొత్తది చిన్నదే కొనండి, పాతదాన్ని చేనుకు ఉంచండి.

ఏ రకంగానూ నిలవదని తేలిన బండిని ఊరికే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఆర్‌సీ రద్దు చేయించాకే వేయాలి. లేకపోతే ఆ ఛాసిస్ నంబరు ఎవరి దొంగబండి మీదో తేలితే పోలీసులు మీ ఇంటికే వస్తారు. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాప్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద సొంత వాహనాలకు రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన పెట్టింది, కొనే ముందు షోరూములో అడగండి.

బాగుచేయించాలనే నిర్ణయించుకున్నవాళ్లు సంక్రాంతి దాటాక ఇంజను విప్పించండి. పంట డబ్బు చేతిలో ఉంటుంది, మేస్త్రీలకూ తీరిక దొరుకుతుంది. ఉగాదిలోగా పని ముగియాలి. ఎందుకంటే కొత్తగా బోరింగు చేసిన సిలిండరు మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా, బరువు లేకుండా, మధ్యమధ్య ఆపుకుంటూ నడవాలి. ఎండలు ముదిరాక ఆ పని పెట్టుకుంటే పిస్టను మళ్లీ పట్టేస్తుంది. ఆ 500 కిలోమీటర్లూ వేసవి రాకముందే ఉదయం పూట పూర్తిచేసుకుని, ఫిల్టరు కడిగి ఆరబెట్టి, పలచగా నూనె పట్టించి బిగించుకోండి. మృగశిర కార్తె నాటికి బండి విత్తనాల మూట మోయడానికి సిద్ధంగా ఉంటుంది.